మంచు. కనబడలేదు.

డిగ్రీలో థియరీ పేపర్లు పోయినవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. వాళ్ళకి ఒక రకం గౌరవం కూడా ఉంటుంది. పేపరు కష్టంగా ఇచ్చారనో, దిద్దినవాడు దయలేనివాడనో చెప్పుకోవచ్చు, వినేవాళ్ళు అయ్యో అంటారు. నేను ఫెయిలయింది ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో. ప్రాక్టికల్స్‌లో ఎవరూ ఫెయిలవరు. రికార్డు పుస్తకానికి అట్ట వేసుకుని, ల్యాబులో కాస్త భయం భయంగా నిలబడితే చాలు, మార్కులు వాటంతటవే పడతాయి. అలాంటిది మా బ్యాచి మొత్తానికి నేనొక్కదాన్నే ఫెయిలయ్యాను. ఎవరైనా ఎలా పోయిందని అడిగితే ఏం చెప్పాలో తెలీక, చాలాకాలం థియరీ పోయిందని అబద్ధం చెప్పాను.

తొంభైల చివరి మాట ఇది. మా ఇల్లు అరకు కొండల్లో. చదువు మాత్రం కింద, మైదానంలో, హాస్టల్లో ఉండి. ఫైనలియర్ పరీక్షలో నాకు కాంపౌండ్ పెండ్యులమ్ వచ్చింది. అంటే ఏమీ లేదు, నిలువెత్తు ఇనప బద్ద, దానికి వరసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రం దగ్గరా దాన్ని వేలాడదీసి, ఊపి, ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయాలి. చివరికి లెక్క కడితే భూమి వస్తువుల్ని ఎంత బలంగా లాగుతుందో వస్తుంది. ఆ జవాబు తొమ్మిది వందల ఎనభై. లోకంలో ప్రతి ఫిజిక్స్ స్టూడెంటుకీ అది ముందే తెలుసు. ముందే తెలిసినదానికి ఇరవైసార్లు ఊపడం దేనికి? మేం జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, అంకెలన్నీ దానికి సరిపడా రాసేసేవాళ్ళం. అందులో నాకు మంచి పేరుంది. సరిగ్గా ఎనభై వచ్చేలా రాస్తే దొరికిపోతారని, నేను అక్కడక్కడా చిన్న తేడాలు కావాలని పెట్టేదాన్ని. హాస్టల్లో అమ్మాయిలు వాళ్ళ పట్టికలు నా దగ్గరికి తెచ్చుకునేవారు. ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన. నా కాగితం చూశారు, తల ఊపారు. తరవాత ఏం బుద్ధి పుట్టిందో, ఆ బద్దని తీసి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నారు. పై నుంచి ఆరో రంధ్రం మూసుకుపోయి ఉంది. తుప్పూ, పాత పెయింటూ కలిసి గట్టిగా బిగిసిపోయాయి.

“ఇందులో సూది కూడా దూరదు కదమ్మా. దీన్నెలా వేలాడదీశావు?”

నా కాగితం మీద ఆరో రంధ్రానికి ముప్ఫైరెండు పాయింటు నాలుగు సెకన్లని గుండ్రంగా రాసి ఉంది. ఆయన అరవలేదు. “నువ్వు చూశావా దీన్ని?” అని ఒక్కసారి అడిగి, కాగితం తిరగేసి పక్కన పెట్టేశారు.

ఆ ప్రాక్టికల్సు మళ్ళీ ఏడాదికి గానీ రావు. డిగ్రీ లేనిదే బి.ఎడ్. లేదు. బి.ఎడ్. లేనిదే కొండ మీద బళ్ళో టీచరు పని లేదు. నేను టీచర్నవుతానని మా నాన్న ఎక్కే దిగే ప్రతి జీపు డ్రైవరుకీ చెప్పి ఉన్నాడు. నేను మాత్రం ఒకటే ఒట్టు పెట్టుకున్నాను. ఈసారి కూడా పోతే మళ్ళీ చదువు మాట ఎత్తను.

ట్రంకు పెట్టె పట్టుకుని పాసింజరు రైల్లో ఇంటికొచ్చేశాను. ఆ దారంతా సొరంగాలే. చీకటి, వెలుతురు, మళ్ళీ చీకటి. చీకటి వచ్చినప్పుడల్లా ఏడ్చి, వెలుతురు వచ్చేలోగా కళ్ళు తుడుచుకున్నాను. ఎదుటి సీట్లో ఎవరో ముసలాయన మామిడిపళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు గానీ, లేకపోతే నా ఆట చూసి నవ్వేవాడే.

నాన్న పెరట్లో కూర్చుని గొడ్డలికి పిడి బిగిస్తున్నాడు. చెప్పాను.

“పోతే పోనాది గానీ, ఎందుకు పోయిందో నీకు తెల్సినాదా?”

“ఆ సార్‌కి నామీద కచ్చ.”

“ఏటి, నిన్ను ముందెప్పుడైనా సూసినాడా ఆయన?”

“లేదు.”

“మరి కచ్చ ఏటే?”

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆ రంధ్రం మూసుకుపోవడం నా తప్పా? శుభ్రం చేయించని కాలేజీది కాదూ? ఆ తరవాత రెండు నెలలూ పప్పు రుబ్బుతున్నా, నీళ్ళు తోడుతున్నా ఆ ఎగ్జామినరుతో మనసులో వాదిస్తూనే ఉన్నాను. ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని.

ఆ ఏడాది తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది తెలుపు. వానాకాలం మొదలైతే మబ్బు దిగొచ్చి మా అరుగు మీద కూర్చునేది. తలుపు తీస్తే ఇంట్లోకొచ్చేది. ఆరేసిన బట్టలు రోజుల తరబడి తడిగానే ఉండి, మంచు వాసన వేసేవి. పొద్దున్నపూట అరుగు మీద నిలబడితే నా కాళ్ళు నాకే సగం కనబడేవి. ఎక్కడో కింద గెడ్డ పారుతున్న చప్పుడు, అంతకంటే దూరంగా రైలు కూత. నేను నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో తెలిసేది కాదు. ఫెయిలైన మనిషికి అంతకంటే మంచి చోటు ఉండదని అనిపించేది. ఎవరికీ కనబడక్కర్లేదు.

నాన్న పని ఆ గెడ్డ నీళ్ళు చూడడం. కొండవాగుని మావైపు గెడ్డ అంటారు. అది కిందికి పోయి ప్రాజెక్టు నీళ్ళల్లో కలుస్తుంది కాబట్టి, ఎంత నీరు వస్తోందో ప్రాజెక్టువాళ్ళకి తెలియాలి. మా ఇంటి ముందు నుంచి అరవైనాలుగు రాతిమెట్లు దిగితే గట్టున ఒక దిమ్మ, దాని మీద తెల్లరేకు, నల్ల అంకెలు. దాన్ని స్కేలనేవాళ్ళం. పొద్దున్న ఆరింటి నుంచి చీకటి పడేదాకా మూడేసి గంటలకోసారి నాన్న దిగి ఆ అంకె చూసి, పైకొచ్చి రిజిస్టరులో రాసి, వైర్‌లెస్ సెట్లో చెప్పేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. మోకాళ్ళు అరిగిపోయాయి.

అది సర్కారు పని. నాన్నకి ఇంకో పని ఉండేది, దానికి రిజిస్టరు లేదు. స్కేలుకి కాస్త కింద జనం గెడ్డ దాటే చోటు ఉంది. అవతలి కొండల మీది ఊళ్ళవాళ్ళు శుక్రవారం అరకు సంతకి రావాలంటే అక్కడ దాటాల్సిందే. వాళ్ళు అవతలి గట్టుకి వచ్చి ఆగి కేకేసేవారు. “బాబూ, నీలు ఎంతున్నాదీ?” నాన్న మీటర్ల లెక్క చెప్పేవాడు కాదు. స్కేలు మీద ఒకటీ ఇరవై ఉంటే “మోకాలు!” అనేవాడు. ఒకటిన్నర అయితే “తొడ!” అది దాటితే “నడుం! ఆగండి!” మంచులో మనిషి కనబడకపోయినా గొంతుని బట్టి ఎవరో పోల్చుకుని, పొట్టివాళ్ళకి ఒక మెట్టు పెంచి చెప్పేవాడు. ఒక ముసలమ్మ ఉండేది. నా భుజానికి కూడా రాదు, కానీ నెత్తిన గంపెడు అనాసపళ్ళు మోసుకొచ్చేది. అందరికీ మోకాలైతే ఆమెకి తొడ. “నాను అంత పొట్టేటి బాబూ!” అని ఆమె అవతలి నుంచి తిట్టేది, నాన్న నవ్వేవాడు. దాటి వచ్చాక మా అరుగు మీద ఒక పండు పెట్టి పోయేది.

శ్రావణంలో నాన్నకి చలిజ్వరం పట్టుకుంది. మా కొండల్లో అది కొత్తేమీ కాదు. రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ, “స్కేలు నువ్వు సూడమ్మా, మూడ్రోజులే” అన్నాడు. మూడు రోజులూ చూశాను. ఒకటీ ఇరవై, ఒకటీ ఇరవై, ఒకటీ ఇరవై. గెడ్డకి వేరే అంకె రాదేమో అనిపించింది.

నాలుగోరోజు శుక్రవారం. పొద్దున్న ఆరింటికి తలుపు తీస్తే ఎదురుగా తెల్లగోడ. మెట్లు నాచుపట్టి జారుతున్నాయి. సగం దాకా దిగాను. కింద ఏమీ లేదు, తెలుపే. ఇంకో ముప్ఫై మెట్లు దిగితే స్కేలు. దిగినా కనబడుతుందో లేదో. ఎలాగూ ఒకటీ ఇరవయ్యే కదా. వెనక్కి తిరిగి ఎక్కేశాను. రిజిస్టరులో ఒకటీ ఇరవై రాస్తూ ఉంటే చెయ్యి ఒక క్షణం ఆగింది. మరీ ఒకే అంకె నాలుగు రోజులూ ఉంటే బావుండదని దాన్ని ఒకటీ పద్దెనిమిది చేశాను, సెట్లో కూడా అదే చెప్పాను. ఆ తెలివి గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

కాసేపటికి అవతలి నుంచి ఆ ముసలమ్మ గొంతు వచ్చింది.

“బాబూ! నీలు ఎంతున్నాదీ?”

“నాన్నకి జ్వరం పెద్దమ్మా! మోకాలే! నీకైతే తొడ!”

ఎంత బాగా చెప్పానో అనుకున్నాను, నాన్నలాగే ఒక మెట్టు పెంచి మరీ.

పైన ఎక్కడో రాత్రంతా కురిసిందని మాకు తెలీదు. ముందు ఒక కేక వినబడింది. తరవాత మగవాళ్ళ అరుపులు. నేను మెట్లన్నీ ఎలా దిగానో నాకు గుర్తులేదు. గట్టు దగ్గర మంచు కాస్త పలచబడి ఉంది. ఎర్రటి నీళ్ళ మీద అనాసపళ్ళు ఒకదాని వెనక ఒకటి తేలుకుంటూ వచ్చాయి. తొందరేమీ లేనట్టు, పిలకలు పైకి పెట్టుకుని, నా ముందు నుంచి వెళ్ళిపోయాయి. ఎంత అందంగా ఉందో ఆ దృశ్యం. అంత అందంగా ఉన్నందుకు కూడా నన్ను నేను క్షమించుకోలేదు.

వెనకాల వస్తున్న మనుషులు కావిడి బద్ద అందించి ఆమెని లాగారు. నలభై అడుగులు కొట్టుకుపోయి రాళ్ళకి ఆనుకుందట. ఇద్దరు మోసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టారు. మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయింది, నుదురు చిట్లింది. అమ్మ పసుపు నూరి తెచ్చింది. ముసలమ్మ అమ్మని చెయ్యి పెట్టనివ్వలేదు. నన్నే చూస్తోంది.

“ఒలే గుంటా. నువ్వు సూసినావా?”

నేను అమ్మ చేతిలోని పసుపు అందుకోబోయాను.

“సూసి సెప్పినావా, ఊరికే సెప్పినావా?”

ఆ ఏడాదిలో ఆ ప్రశ్న నన్నడగడం రెండోసారి. ఎగ్జామినరుతో రెండు నెలలు వాదించి గెలిచిన నా నోరు ఆ అరుగు మీద పెగల్లేదు. “చూడలేదు పెద్దమ్మా” అనడానికి ఎంతసేపు పట్టిందో. అనేసరికి ఆమె ముఖం తిప్పేసుకుంది.

నాన్న దుప్పటి కప్పుకునే గుమ్మంలోకి వచ్చి అంతా విన్నాడు. గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలెట్టాడు. నేను వెళ్తానంటే చేత్తో వద్దన్నాడు. అరవైనాలుగు మెట్లు జ్వరంతో దిగి, ఎక్కి వచ్చేసరికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఒకటీ ఎనభై. రిజిస్టరు తీసి నా అంకె మీద ఒకే ఒక గీత గీశాడు, కింద అంకె చదవడానికి వీలుగా. పక్కన రాశాడు: తప్పు. చూడకుండా రాసినది. కింద తన సంతకం పెట్టాడు. తరవాత వైర్‌లెస్ తీసి అదే మాట ప్రాజెక్టువాళ్ళకీ చెప్పాడు.

“నాన్నా, రాసింది నేను కదా.”

“రిజిస్టరు నాది కదే.”

వారం తిరక్కుండా నాన్న పేరున మెమో వచ్చింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అదే మొదటిది. మడతపెట్టి రిజిస్టరు అట్టలో పెట్టుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ నాలుగు అనేదాన్ని, ఏడ్చేదాన్ని, అయిపోయేది.

ఆయన తిట్టలేదని, నాకు నేనే శిక్ష వేసుకున్నట్టు పాత రిజిస్టర్లన్నీ తీసి చదవడం మొదలెట్టాను. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే, ఎప్పుడూ తెరవలేదు. అంకెలు, అంకెలు, అంకెలు. మధ్యమధ్య అంకె ఉండాల్సిన చోట అంకె లేదు. నాన్న ఎనిమిదో తరగతి దస్తూరీ ఉంది. మంచు. కనబడలేదు. ఇంకో చోట, స్కేలుకి బురద, కడిగి తొమ్మిదింటికి చూస్తాను. మరో చోట, కాలు బెణికింది, దిగలేదు. ఏళ్ళ తరబడి, వానాకాలం తరవాత వానాకాలం, ఒక మనిషి తనకి తెలియనిది తెలియలేదని రాసుకుంటూ వచ్చాడు. నా డిగ్రీ రికార్డు పుస్తకంలో మూడేళ్ళలో ఒక్క చోట కూడా కనబడలేదు అన్న మాట లేదు. నాకు అన్నీ కనబడ్డాయి, మూసుకుపోయిన రంధ్రంలోంచి కూడా. ఆ పొద్దున్న రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చాను. ఎగ్జామినరు మీద కోపం ఎటు పోయిందో పోయింది.

అప్పటి నుంచి స్కేలు నేనే చూస్తానన్నాను. నాన్న మోకాళ్ళ వంక పెట్టి ఒప్పుకున్నాడు. మంచు ఉంటే దిమ్మని చేత్తో తడిమి, నీటి అంచు ఎక్కడుందో వేలితో పట్టుకుని, ముఖం ఆనించి చదివేదాన్ని. చదవలేకపోతే చదవలేదని రాసేదాన్ని. మొదటిసారి అలా రాసినప్పుడు పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చినంత భయం వేసింది.

ముసలమ్మ నెల్లాళ్ళకి మళ్ళీ సంతకి రావడం మొదలెట్టింది, కుంటుతూ. అవతలి గట్టున నిలబడి, “బాబుని పిలు!” అనేది. నేను చెప్పబోతే మాట్లాడేది కాదు. నాన్న వచ్చి చెప్పేదాకా గంప దించకుండా అలాగే నిలబడేది. ఇవతలికి వచ్చాక పండు అమ్మ చేతిలో పెట్టేది, నా పక్కకి చూసేది కాదు. చలికాలం వచ్చి గెడ్డ సన్నబడి, అడగాల్సిన అవసరమే లేనప్పుడు కూడా ఆమె నాన్ననే అడిగేది. పట్టుదల అంటే అది. నాకు పరీక్ష కంటే అదే ఎక్కువ బాధగా ఉండేది.

మార్చిలో కిందికి వెళ్ళాను. ప్రయోగాల చీటీ తీస్తే నాకు మళ్ళీ కాంపౌండ్ పెండ్యులమే వచ్చింది. బద్ద కూడా అదే. ఏడాదిలో ఎవరూ దాని జోలికి పోలేదు, ఆరో రంధ్రం అలాగే ఉంది. దాన్ని చూసి ఎవరో చుట్టం కనబడినట్టు నవ్వొచ్చింది. ప్రతి రంధ్రానికీ ఇరవై ఊపులు, రెండేసి సార్లు లెక్కపెట్టాను. ఆరో రంధ్రం దగ్గర అడ్డగీత గీసి, మూసుకుపోయింది, చూడలేదు అని రాశాను. లెక్క కడితే వెయ్యీ నాలుగు వచ్చింది. మళ్ళీ కట్టాను. వెయ్యీ నాలుగే.

ఈసారి ఎగ్జామినరు వేరే ఆయన, కుర్రాడే. “పక్క టేబులు వాళ్ళకి తొమ్మిది వందల ఎనభై వచ్చింది. నీకు వెయ్యి దాటిందేంటి? ఇంకా పావుగంట ఉంది, చూసుకో” అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ఒక్క అంకె మారిస్తే అన్నీ దారికొస్తాయి, ఎక్కడ మార్చాలో కూడా నాకు తెలుసు. మళ్ళీ పోతే చదువు అంతేనన్న ఒట్టు కూడా గుర్తుంది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

“నేను చూసింది అదే సార్. స్టాప్‌క్లాకు ఆగి ఆగి నడుస్తోంది, అందువల్ల కావచ్చు” అన్నాను.

ఆయన గడియారం తీసుకుని తన చేతి వాచీ పక్కన పెట్టి చూశాడు. కాగితం తీసుకున్నాడు.

జూన్‌లో రిజల్టు వచ్చింది. పాస్. బొటాబొటీ మార్కులు. నాన్న మార్కుల కాగితాన్ని స్కేలు చదివినంత దగ్గరగా పెట్టుకుని చదివాడు. “ఈ మార్కులు సూసి ఏసినవేనా?” అన్నాడు. అవునన్నాను. దాన్ని తీసుకెళ్ళి మెమో పక్కన, రిజిస్టరు అట్టలో పెట్టాడు.

తరవాతి శుక్రవారం మబ్బు దిగింది. ఆ ఏడాదికి అదే మొదలు. నేను అరుగు మీద మెట్ల వైపు తిరిగి ఉన్నాను, నాన్న గుమ్మంలో టీ తాగుతున్నాడు. అవతలి నుంచి ఆ గొంతు వచ్చింది. నాన్న గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

“పాపా!”

నాన్న ఆగిపోయాడు.

“ఒలే పాపా! నీలు ఎంతున్నాదీ?”

ఏడాదిగా ఆ మాట కోసమే ఎదురుచూశాను. గట్టిగా ఏదో ఒక అంకె చెప్పి ఆమెని మెప్పించాలని ఎంత ఆశ పుట్టిందో.

“చూడలేదు పెద్దమ్మా! ఆగు, దిగి చూసొస్తాను!”

తెల్లటి మంచు, గెడ్డ చప్పుడు. తరవాత ఆమె గంప కిందికి దించిన చప్పుడు వినబడింది.

“ఐతే సూసే సెప్పు. కూకుంటాను.”

నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను.